రేవు వస్తోంది సరే, బజారు ఉంటుందా?

 

మన బందరులో ఎవరిని కదిలించినా రేవు మాటే. 2008లో ఒకసారి, 2019లో ఇంకోసారి, 2023లో మరోసారి, ముగ్గురు ముఖ్యమంత్రులు మూడు శంకుస్థాపనలు చేశారు. మూడోసారి తర్వాత పనులు నిజంగానే మొదలయ్యాయి. అల్హమ్దులిల్లాహ్. రేవు రావాలనే నా దువా కూడా. మన పిల్లలు హైదరాబాదుకి, గల్ఫ్‌కి పోకుండా ఇక్కడే రోజీ సంపాదించుకుంటే ఏ తల్లిదండ్రులకు చేదు?

కానీ జనాబ్, నాదొక సవాల్. రేవు వస్తే ఊరు పెరుగుతుందంటున్నారు. పెరిగే ఊరు ఎక్కడ పెరుగుతుంది? కోనేరు సెంటర్లోనా, బైపాసు పక్కనా? రియల్ ఎస్టేట్ వాళ్ల మాటలు వింటే అంతా బైపాసు పక్కనే. మాల్ అక్కడ, మల్టీప్లెక్స్ అక్కడ, ఏసీ షోరూములు అక్కడ. ఊరి నడిబొడ్డు సంగతి అడిగితే ఒకటే జవాబు: అక్కడ బండ్లు తీసేయాలి, ఆక్రమణలు తొలగించాలి, సెంటరు శుభ్రం చేయాలి.

శుభ్రం చేయడమంటే చెత్త ఊడ్వడం. మనుషుల్ని ఊడ్వడం సఫాయీ కాదు, జులుం. పైగా అది ఖానూన్‌కి ఖిలాఫ్, ఊరికి నష్టం కూడా.

ముందు మన ఊరి పేరే చూడండి. బందర్ అనేది ఫార్సీ మాట, ఓడరేవు అని అర్థం. బజారు, దుకాణం, రసీదు, వసూలు, బాకీ, జమా, ఖర్చు, ఇవన్నీ అటునుంచి వచ్చి తెలుగులో కలిసిపోయిన మాటలే. పెడనలో వేసే అద్దకానికి కలంకారీ అన్న పేరు పెట్టిందీ ఆ జబానే. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇరాన్ సౌదాగర్లు ఇక్కడ దిగారు. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు. వాళ్లు వచ్చింది మన సముద్రం అందం చూడడానికి కాదు, ఇక్కడి బట్ట కోసం, ఇక్కడి బజారు కోసం.

తర్వాత ఏమైంది? 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో 30 వేల మంది దాకా పోయారంటారు. ఓడల వైభవం అడుగంటింది. రేవు పూడిపోయింది. అయినా ఊరు చావలేదు. ఎందుకు? బజారు ఉంది కాబట్టి. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసేవాళ్లు, పెడన అద్దకంవాళ్లు, లడ్డూ, హల్వా చేసేవాళ్లు, గిలకలదిండి నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకొచ్చే ఆడవాళ్లు, పరుపులు కుట్టే నూర్‌బాషాలు, పూలమ్మే అమ్మలు ఊరిని బతికించారు. రేవు లేని బందరును బజారు పోషించింది. ఇప్పుడు రేవు వస్తోందని ఆ బజారునే పొమ్మంటే దానికి పేరేమిటి? ఎహ్సాన్ ఫరామోషీ. చేసిన మేలు మరవడం.

ఇక ఖానూన్ సంగతి. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. అంతకు చాలా ముందు, 1989లోనే, సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వీధిలో వ్యాపారం చేసుకోవడం పౌరుడి హక్కేనని చెప్పింది. దానికి షరతులు పెట్టొచ్చు, మొత్తానికి కాదనడానికి మాత్రం లేదు. 2014 చట్టం ఏం చెబుతుందో మన మొహల్లాలో ఎంతమందికి తెలుసు? కొంచెం సబర్‌గా చదవండి.

ముందు సర్వే చేయాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను లేపకూడదు. ఊరి జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు చూపాలి. 2011 లెక్కల్లో బందరు జనాభా దాదాపు 1,70,000. అంటే 4,250 మంది. గుడివాడ దాదాపు 1,18,000. అక్కడ 2,950 మంది. ఇది ఎవరో పెట్టే భిక్ష కాదు, చట్టం రాసిన లెక్క. ఎక్కడికైనా మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసివ్వాలి. వ్యాపారి వెళ్లి అడిగితే పాడైపోయే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగి ఇచ్చేయాలి. 50 ఏళ్లకు పైగా బండ్లవాళ్లు వ్యాపారం చేస్తున్న చోటును వారసత్వ బజారుగా ప్రకటించాలి, అక్కడివాళ్లను కదపకూడదు. ఇవన్నీ చూడడానికి పట్టణ విక్రయ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులు తమలోంచి తాము ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు, మైనారిటీలకు, వికలాంగులకు తగిన చోటు ఇవ్వాలి.

ఇంత రాసి ఉన్నా జరిగేదేమిటి? మన జిల్లాలోనే ఒక ఊళ్లో, పేరు చెప్పను, నా కళ్లముందే ఒక అరటిపళ్ల బండిని లారీలోకి ఎక్కించారు. బండి ఒక బేవా ఆడమనిషిది. నోటీసు లేదు, జాబితా లేదు. ఆమె అడిగింది ఒకటే: "అయ్యా, బండి తీసుకుపోండి, పళ్లు ఇచ్చేయండి, సాయంత్రానికి మగ్గిపోతాయి." ఎవరూ వినలేదు. చూస్తూ నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. నాకూ అప్పుడు చట్టం తెలియదు. తెలిసుంటే ఒక మాట అడిగేవాణ్ణి. ఆ షర్మిందగీతోనే ఇది రాస్తున్నాను.

సర్కారు తమాషా ఇంకొకటి. 2020 నుంచి స్వనిధి పథకం కింద బ్యాంకులు వీధి వ్యాపారికి విడతలవారీగా అప్పు ఇస్తున్నాయి; పథకం పెట్టినప్పుడు మొదటి విడత 10 వేల రూపాయలు ఉండేది. ఒక చేత్తో బండి కొనుక్కోమని అప్పిస్తారు. ఇంకో చేత్తో ఆ బండి ఎత్తుకుపోతారు. కిస్తీ మాత్రం నెలనెలా కట్టాలి. 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఈ బందరులోనే. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. చిన్నవాడికి అప్పిచ్చి నిలబెడితే ఊరు నిలబడుతుందని మనకు వేరే ఊరివాళ్లు నేర్పాలా?

"ట్రాఫిక్ సంగతేంటి భాయ్?" అంటారు. సరే, లెక్క చూద్దాం. ఒక కారు ఆపిన జాగాలో రెండు బండ్లు పడతాయి. కారు ఒక్క మనిషిని దింపి రెండు గంటలు ఊరికే నిలబడుతుంది. రెండు బండ్లు ఆ రెండు గంటల్లో రెండు కుటుంబాలకు కూడు పెడతాయి, వందమందికి చవగ్గా సరుకిస్తాయి. బండికి పసుపు గీత గీయండి, అది దాటితే జుర్మానా వేయండి, ఒప్పుకుంటాం. కారుకీ అదే గీత గీయండి.

"అద్దె కట్టే దుకాణదారుడి బేరం బండివాడు పాడుచేస్తున్నాడు" అంటారు. ఈ షికాయత్‌లో కొంత నిజం ఉంది, కాదనను. కానీ దుకాణదార్ భాయీ, పెళ్లి బట్టలకు జనం బెజవాడ పోతున్నారంటే అది పునుగుల బండివాడి తప్పా? అవనిగడ్డ నుంచో, కోడూరు నుంచో, నాగాయలంక నుంచో బస్సు దిగిన మనిషి సెంటరుకి ఎందుకు నడిచొస్తాడు? పూలు, పళ్లు, టీ, చెప్పుల రిపేరు, సెల్ఫోను రిపేరు, గాజులు, అన్నీ ఒక్క నడకలో అయిపోతాయని. ఆ నడకలోనే మీ షాపు బోర్డు కనిపిస్తుంది. బండ్లు తీసేయండి, ఆ మనిషి బైపాసు మీదుగా ఆటోలో మాల్‌కి పోతాడు. మీ దుష్మన్ బండివాడు కాదు, ఆ మాల్.

1930లో తోట నరసయ్య నాయుడు లాఠీ దెబ్బలకు ఓర్చుకుంటూ జెండా పట్టింది కోనేరు సెంటర్లోనే. ఊరికి ఏ మాట చెప్పాలన్నా జనం ఉన్నచోటే కదా చెప్పాలి. జనం లేని సెంటరుకి ఎన్ని రంగు దీపాలు పెట్టినా అది సెంటరు కాదు, వీరానా.

ఇంతవరకూ సర్కారుని అన్నాను. ఇప్పుడు మనవాళ్లని అనాలి. కోపం వస్తే రానివ్వండి.

మసీదుల కింద, దర్గాల పక్కన వక్ఫ్ ముల్గీలు ఎన్ని ఉన్నాయి? వాటిని ఎవరికిస్తున్నాం? వేలంపాట పెట్టి, లక్షల్లో అడ్వాన్సు అడిగి, ఉన్న అమీర్‌కే ఇంకో షట్టర్ ఇస్తున్నాం. అతను దాన్ని రెండింతల అద్దెకు ఇంకొకరికి ఇచ్చుకుంటాడు. మా మామూ ఒకాయన ఏళ్ల తరబడి సైకిలు మీద అత్తరు, సుర్మా, టోపీలు అమ్మేవాడు. ముసలితనంలో ఒక మసీదు కమిటీని ఎనిమిది అడుగుల షట్టర్ అడిగాడు. అడ్వాన్సు ఎంతని అడిగారు తప్ప, ఇరవై ఏళ్లుగా ఇదే గేటు ముందు ఎండలో నిలబడ్డావు కదా అన్నవాళ్లు లేరు. అందులో గోడౌన్ పెట్టారు. మామూ గేటు ముందే ఉండిపోయాడు.

వక్ఫ్ అంటే అల్లాహ్ పేరు మీద ఇచ్చిన అమానత్. ముతవల్లీ దానికి మాలిక్ కాడు, కాపలాదారు. మదీనాలో హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం బజారుకి జాగా చూపించి, దాన్ని ఇరుకు చేయొద్దని, అక్కడ పన్ను వేయొద్దని అన్నారని రివాయతుల్లో ఉంది. ఎవరు ముందొస్తే ఆ పూటకి జాగా వాళ్లదేనని హజ్రత్ ఉమర్ నియమం పెట్టారని కూడా చెబుతారు. ఇవి ప్రతి జుమ్మాకీ బయాన్‌లో వింటాం. బయటికొచ్చి షట్టర్ వేలం వేస్తాం. సర్కారుని ఇన్సాఫ్ అడగాలంటే ముందు మన గల్లీలో ఇన్సాఫ్ ఉండాలి కదా.

కాబట్టి నా మాంగ్ ఇది. రేవు డబ్బు ఊళ్లోకి రావాలంటే కోనేరు సెంటర్ చుట్టూ నేలమట్టం షట్టర్లు చిన్నవిగా, ఎక్కువగా కట్టండి. చిలకలపూడి నగ, పెడన కలంకారీ, బందరు లడ్డూ చేసేవాళ్లే అమ్ముకునేలా వాటిలో కొన్ని ఇవ్వండి. లడ్డూకి జీఐ గుర్తింపు తెచ్చుకుని, దాన్ని బైపాసు ఫుడ్‌కోర్టులో డబ్బాలో పెట్టి అమ్మడం మనకి అవమానం. బండ్లకి గీతలు గీయండి, నీళ్లు, దీపం, చెత్తబుట్ట, ఆడవాళ్లకి మరుగుదొడ్డి పెట్టండి. రుసుము తీసుకోండి, రసీదు ఇవ్వండి. రసీదు ఉన్నవాడు రోజూ ఎవరికీ మామూళ్లు ఇవ్వక్కర్లేదు. బహుశా కొందరికి తక్లీఫ్ అక్కడే ఉంది. గుడివాడ బస్టాండు చుట్టూ అయినా, అవనిగడ్డ సెంటర్లో అయినా మాంగ్ ఇదే.

మసీదు కమిటీలకి ఇంకో మాట. పది ముల్గీలుంటే రెండు అడ్వాన్సు లేకుండా బేవాలకి, బండివాళ్లకి ఇవ్వండి. జకాత్ ఇచ్చి ఒక నెల తిండి పెట్టేకంటే షట్టర్ ఇచ్చి బతుకు నిలబెట్టడంలో బర్కత్ ఎక్కువ.

చదివినవాళ్లు ఒక్క పని చేయండి. పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు మీ మునిసిపల్ ఆఫీసులో పెట్టండి. మూడే ప్రశ్నలు: వీధి వ్యాపారుల సర్వే జాబితా ఏది? విక్రయ కమిటీ సభ్యుల పేర్లేమిటి? చివరిసారి సమావేశం ఎప్పుడు జరిగింది? జవాబు వస్తే నకలు తీసి మీ సెంటర్లో బండివాళ్లకి చదివి వినిపించండి. ఇంకోసారి లారీ వచ్చినప్పుడు, ఆ రోజు నాలాగా చూస్తూ నిలబడకుండా, అడిగేవాడు ఒక్కడైనా ఉంటాడు.

ఖుదా హాఫిజ్.