గూడ్సు ఇంజన్లో రెండో మనిషి దండగ కాదు

బరంపురం స్టేషన్లో కోరమాండల్ ఆలస్యమైతే ముందు వినపడే మాట, ఎక్కడో గూడ్సు ఆగిపోయింది, డ్రైవర్లు నిద్రపోతున్నారని. ఈ మధ్య చదువుకున్నవాళ్ళు దీనికి ఇంకొకటి తగిలిస్తున్నారు: ఇంజన్లో కంప్యూటర్ ఉండగా ఇద్దరెందుకని. ఈ వాదన తప్పు, ప్రమాదం కూడా.

తాల్చేరు నుంచి సింహాద్రికి దిగే బొగ్గు రేకును తీసుకోండి. 58 వ్యాగన్లు, అయిదు వేల టన్నులు దాటిన బరువు, అర కిలోమీటరుకు మించిన పొడవు. లాగేది 6000 హార్స్‌పవర్ డబ్ల్యూఏజీ-9 ఇంజన్. రంభ దాటాక, గంజాం రాకముందే ఇంజన్ మొరాయించిందనుకుందాం. లోపం ఏమిటో తెర మీద వస్తుంది, కాదనను. ఒక వైపు చక్రాల చట్రానికి కరెంటిచ్చే కన్వర్టర్ పోతే, 154వ నంబరు స్విచ్ తిప్పి దాన్ని తప్పించి, మిగిలిన మూడు మోటార్లతో నడపొచ్చు. అయితే ఆ సగం బలంతో ఇంత బరువు ముందున్న స్టేషన్ లూప్‌లైను దాకా చేరుతుందా? ఆ అంచనా లోకో పైలటే వెయ్యాలి. రిలీఫ్ ఇంజన్ అడిగాడా, ఆ తర్వాత రిపేరు కుదిరినా అనుమతి లేకుండా బండి కదపకూడదు. అందుకే ఏం చెయ్యాలో తేల్చుకునే ఆ కొద్ది నిమిషాలూ అంత బరువు.

ఇక నలభయ్యో వ్యాగన్ దగ్గర బ్రేకు పైపు ఊడితే, గాలి పడిపోయిందని గేజీ చెబుతుంది గానీ ఎక్కడో చెప్పదు. లోకో పైలట్ బ్రేకు వదిలి దిగలేడు. టార్చి పట్టుకుని, చీకట్లో కంకర మీద వ్యాగన్ వెంట వ్యాగన్ చూసుకుంటూ పోయేది ఆ రెండో మనిషి, అసిస్టెంటు లోకో పైలట్. వ్యాగన్ పక్క లైను మీదికి ఒరిగితే మరీ కష్టం. ఎదురుగా వచ్చే బండిని ఆపడానికి పట్టాల మీద 600 మీటర్ల దగ్గర, చక్రం ఎక్కగానే పేలి హెచ్చరించే డిటొనేటరు ఒకటి, 1200 మీటర్ల దగ్గర మూడు పెట్టాలి. వెనకవైపు గార్డు చూసుకుంటాడు. ముందుకు పరుగెత్తే రెండో మనిషి లేకపోతే ఎవరు వెళ్తారు?

యూరప్‌లో ఒక్కరే నడుపుతున్నారంటారు. అక్కడి గూడ్సు బండ్లు చాలామటుకు మనవాటికంటే తేలిక. బరువైన బండ్లు నడిపే అమెరికాలో, చాలావాటికి ఇద్దరుండాలని 2024లో నియమమే తెచ్చారు.

అసిస్టెంటు జీతం మిగులుతుందని లెక్క వేసేవాళ్ళు, హౌరా-చెన్నై లైను మీద ఒక రేకు గంటసేపు నిలిచిపోతే దాని వెనక ఆగే బండ్ల ఖర్చునూ అదే కాగితం మీద వేసి చూపించాలి.