గోడ ఇవతలి పిల్లలు
(మా బడి, మా నేల – 9వ భాగం)



మా కాలేజీలో డిగ్రీ రెండో ఏడాది చదివే అమ్మాయి ఒకతి బంజారా హిల్స్‌లోని ఒక బస్తీలో ఉంటది. వాళ్లమ్మ కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న నడకదారి ఊడుస్తది. "పొద్దున నాలుగున్నరకు పోతది మేడమ్, మా అమ్మ. నెమళ్లు అరవడం రోజూ వింటదంట. నేనైతే లోపలికి ఒక్కసారి కూడా పోలే" అన్నది ఆ పిల్ల. ఏ ఫిర్యాదూ లేదు ఆ మాటలో. బస్సు ఆలస్యమైందని చెప్పినట్టు చెప్పింది.

అదే వారం పార్కు గేటు దగ్గర ఒక ప్రైవేటు బడి ఏసీ బస్సు చూశాను. పిల్లలందరికీ ఒకే రంగు టోపీలు, మెడలో నీళ్ల సీసాలు, చేతిలో ఆకుల బొమ్మలున్న కాగితాలు. "నేచర్ వాక్" అట. ఆ పిల్లల మీద నాకేం కోపం లేదు. చెట్టు చూసిన ఏ పిల్లైనా బాగుపడ్డట్టే. నా బాధల్లా గోడ ఇవతల ఉన్న పిల్లల గురించి.

కాస్త వెనక్కి పోదాం. ఈ గుట్టలకు పేరొచ్చింది బంజారాల వల్ల. ఇప్పుడిక్కడ పేరు మిగిలింది, తండా లేదు. ఏడో నిజాం పెద్ద కొడుకు ఆజం జా ఉన్న చిరాన్ ప్యాలెస్ ఈ అడవిలోనే ఉంది. 1998లో దీన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. దాదాపు 390 ఎకరాలు. రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటి రాళ్లు, సీతాఫలం పొదలు, కానుగలు, ముంగిసలు, నెమళ్లు. నగరం నడిబొడ్డున ఇంత పెద్ద తరగతి గది ఎంతమందికి దొరుకుతుంది? దాని చుట్టూ సినిమావాళ్ల ఇళ్లున్నాయి, ఆ ఇళ్లలో అంట్లు తోమే వాళ్ల బస్తీలున్నాయి. పొద్దున లోపల టికెట్టు కొని నడిచేది ఎవరో, బయట చీపురు పట్టేది ఎవరో చెప్పడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు.

పీహెచ్‌డీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మన ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనలుండాలి. అందులో ఉద్యానవన విహారం ఒకటి, జలక్రీడ ఒకటి. రాజూ రాణీ తోటలో తిరుగుతారు. ఆ తోటకు నీళ్లు పెట్టినోడు పద్యంలోకి రాడు. జాషువా 1941లో 'గబ్బిలం' రాసేటప్పుడు కాళిదాసులా మేఘాన్ని పంపలేదు, గుడిసెలోకీ గుడిలోకీ రెండింట్లోకీ దూరగలిగే గబ్బిలాన్ని పంపాడు. దారి పొడుగునా ఊళ్లూ నదులూ చూపించాడు. గుడి గడప తొక్కనివ్వని మనిషి దేశమంతా చూపిస్తున్నాడన్నమాట. నేను దీన్ని ఏళ్ల తరబడి పాఠంగా చెప్పాను. కాని నా క్లాసుని ఒక్కరోజైనా చెట్టు కిందికి తీసుకుపోలేదు. సిగ్గుపడాల్సిన సంగతే.

పర్యావరణ విద్య మన దగ్గర లేకేం? 1991లోనే సుప్రీంకోర్టు, ఎం.సి. మెహతా కేసులో, బడుల్లో దీన్ని తప్పనిసరి పాఠం చేయమన్నది. చేశారు కూడా. పుస్తకం వచ్చింది, ప్రాజెక్టు వచ్చింది, చార్టు మీద చెట్టు బొమ్మ వచ్చింది. నేను చదివిన బడిలో శనివారం శ్రమదానం ఉండేది. మొక్కలకు నీళ్లు పోసే పని కొందరికి, చీపుర్లు మా వాడ పిల్లలకి. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. అంత మామూలుగా జరిగిపోయేది. నా మొదటి పర్యావరణ పాఠం అదే. పరిసరాలు అందరివీ, వాటి మురికి మాత్రం మాది. బస్తీ పిల్లకు ఈరోజు కూడా పుస్తకం చెప్పేది ఇదే కదా: చెత్త వేయకు, నీళ్లు వృథా చేయకు. ట్యాంకరు కోసం బిందెతో నిలబడే పిల్లకా ఈ పాఠం!

1927లో మహద్ చవదార్ చెరువు దగ్గర అంబేడ్కర్ దోసిట్లో నీళ్లు తీసుకున్నది గుర్తు తెచ్చుకోండి. నీళ్లు ఎవరివి అన్న ప్రశ్నను చెరువు గట్టు మీదే నేర్పారు. నాకు తెలిసి మన దేశంలో అంతకన్నా పెద్ద ఆరుబయట పాఠం లేదు.

చేసి చూపించిన వాళ్లు మన దగ్గరే ఉన్నారు. జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్ల పచ్చసాలె ఉంది. అక్కడి పిల్లలు చదువుతో పాటు సేద్యం, కుండలు, వడ్రంగం, మూలికల పని నేర్చుకున్నారు. చిరుధాన్యాల విత్తనాలు దాచి ఈ ప్రాంతాన్ని నిలబెట్టింది ఆ సొసైటీ సంఘాల దళిత మహిళలే. చదువురాని తల్లి టీచరవడం అంటే అది. సాంఘిక సంక్షేమ గురుకులాల సంగతి తెలిసిందే. భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కడం నేర్చిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణ బంజారా పిల్ల. పాకాల నుంచి వచ్చి భువనగిరి రాయి పట్టుకుంది. బంజారాల పేరున్న ఈ గుట్టల మీద రాళ్లనేమో పునాదుల కోసం పేలుస్తూ పోయాం.

"నలభై మంది పిల్లల్ని ఆ ట్రాఫిక్‌లో రోడ్డు దాటించాలి, ఏదైనా అయితే నా ఉద్యోగం పోతది" అన్నాడు నాకు తెలిసిన ఒక సర్కారు బడి సారు. ఆయన భయం అబద్ధం కాదు. ఒక్క టీచరు, రెండు తరగతులు, పైన వచ్చే రిపోర్టులు. అందుకే ఇది టీచరు మంచితనానికి వదిలేసే పని కాదు. విద్యాశాఖ, అటవీశాఖ కూర్చుని టైంటేబుల్లో పెట్టాలి. చుట్టుపక్కల సర్కారు బడుల పిల్లలకు వారానికొక పూట పార్కు లోపల క్లాసు, టికెట్టు లేకుండా, బస్సు, ఒక సహాయకురాలు. ఆ సహాయకురాలు పార్కు ఊడ్చే తల్లే ఎందుకు కాకూడదు? ఏ చెట్టు ఎప్పుడు ఆకు రాలుస్తుందో ఆమెకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? జీతమిచ్చే పిలవాలి, ఉట్టిగా కాదు.

పార్కుతోనే ఆగొద్దు. బస్తీ పక్కన మోరీ నీళ్లు ఎటు పోతాయో పిల్లలు నడిచి చూడాలి. బంజారా నాలా పట్టుకుపోతే హుస్సేన్ సాగర్ వస్తది. ఎవరి అపార్ట్‌మెంట్ పైపు ఎక్కడ కలుస్తుందో వాళ్లే గీసుకుంటారు. ఆ మ్యాపు చూశాక "బస్తీలోళ్లే చెరువు పాడు చేశారు" అనే మాట ఎవరు అంటారో చూద్దాం.

2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం యూనివర్సిటీ పిల్లలు లాఠీలకు ఎదురు నిలబడ్డారు. వాళ్లకు ఆ బండలు, ఆ జింకలు రోజూ కనపడేవి కాబట్టి నిలబడ్డారు. రోహిత్ వేముల నడిచిన నేల కూడా అదే. చివరి ఉత్తరంలో నక్షత్రాల్నీ ప్రకృతినీ ప్రేమించానని రాసిపోయాడు.

వచ్చే ఆదివారం ఆ అమ్మాయినీ వాళ్లమ్మనూ తీసుకుని లోపలికి పోతున్నా. అమ్మ ముందు నడుస్తానన్నది. ఏం చూపించిందో వచ్చే భాగంలో రాస్తా.

జై భీమ్.