మన్యం పర్యాటకానికి యజమాని ఎవరు?

2025 జనవరిలో విశాఖపట్నంలో జరిగిన పర్యాటక పెట్టుబడుల సదస్సులో శాసనసభాపతి 1/70 చట్టాన్ని సవరించాలన్నారు. ఫిబ్రవరిలో మన్యం బంద్ పాటించింది. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి ప్రకటించారు. గిరిజన భూరక్షణ పర్యాటకానికి ఆటంకమన్న ఊహ మాత్రం చెక్కుచెదరలేదు.

చట్టం చదివితే ఆ ఊహ నిలవదు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పరం కారాదన్న 1/70, గిరిజనులకూ, కేవలం గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకూ బదిలీని అనుమతిస్తున్నది. అరకులో హోటలు కట్టడం నిషిద్ధం కాదు. ఆ నేలకు బయటివారు యజమానులు కావడమే నిషిద్ధం. (బినామీ పేర్లతో ఆ గీత దాటినవారి సంగతి అక్కడ బహిరంగ రహస్యమే.)

విద్యార్థులతో అరకు వెళ్లినప్పుడల్లా నేను చూసేది ఒకటే దృశ్యం. థింసా ఆడే స్త్రీలు, బొంగులో చికెన్ కాల్చే యువకులు, గదులు ఊడ్చేవారు గిరిజనులు. గల్లాపెట్టె ముందు కూర్చున్నవారు తరచుగా వేరే. దీనినే ఉపాధి కల్పన అంటున్నాం.

బొర్రా ఉదంతం మరింత చేదైనది. 1997 నాటి సమతా తీర్పు పుట్టింది బొర్రా పరిసర గ్రామాల గనుల లీజుల నుంచే. ప్రభుత్వం తన భూమిని సైతం అక్కడ గిరిజనేతరులకు లీజుకివ్వరాదని, గనుల నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీరు, బడి, వైద్యం కోసం శాశ్వత నిధిగా ఉంచాలని సుప్రీంకోర్టు చెప్పింది. గనికి చెల్లిన న్యాయం గుహల టికెట్టుకు ఎందుకు చెల్లదు? టికెట్టు సొమ్ము పర్యాటకాభివృద్ధి సంస్థకు చేరుతుంది. అందులో వాటా కావాలన్నది స్థానిక గిరిజనుల పాత డిమాండే.

మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులు విడిదులు నడిపాయి. అతిథులకు వండిపెట్టి, అడవి చూపించి కొండరెడ్లు కొంత ఆదాయం పొందారు. ఆ అనుభవాన్ని తక్కువ చేయను. కానీ సమితికి పెద్ద అటవీశాఖే. సామూహిక అటవీ వనరుల నిర్వహణాధికారాన్ని 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చింది. విడిది ఎక్కడ కట్టాలో, అసలు కట్టాలో వద్దో చెప్పవలసింది ఆ సభే.

గ్రామసభ పేరు చెప్పి నేను సేదతీరలేను. తెగల మధ్య కూడా అంతరాలున్నాయి. చదువు, రాజకీయ పరిచయాలు ముందుగా అందుకున్న కుటుంబాలే సహకార సంఘాన్నీ నడిపితే, గదబ, పోర్జ, ఖోండు గూడేలకు మళ్లీ చీపురే మిగులుతుంది. కనుక సంఘపు పాలకవర్గంలో ఆదిమ తెగలకు, ముఖ్యంగా వారి స్త్రీలకు, స్థానాలు ముందే నిబంధనల్లో రాయాలి. జమాఖర్చులు సభలో చదివి వినిపించాలి.