ఎత్తుపల్లముల బండి

పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడు పుణ్యక్షేత్రములు దర్శింపవలెను గాని, వినోదోద్యానములలో పిల్లలతో కూడి బండ్లెక్కి కేకలు వేయుట తగునా యని నా మిత్రులు నన్ను తరచు పరిహసింతురు. వారి మాటలకు నేను నొచ్చుకొనను. చిన్నతనమున మా యూరి తిరునాళ్ళలో అయిదు పైసలిచ్చి రంగులరాట్న మెక్కిననాడు కలిగిన గగుర్పాటే నేటికిని నన్ను రోలర్ కోస్టరు కడకు లాగుచున్నది. అయితే ఇన్నేండ్ల అనుభవము నాకొక విషయమును నేర్పినది. ఆ బండి యిచ్చు ఆనందమునకు మూలము ఎత్తు గాదు, వేగము గాదు. మనకు కనబడని వారి జాగ్రత్త. ఈ మాట ఎట్లు సత్యమో మీకు చెప్పదలచితిని.

సాధారణముగా ఇట్టి బండికి తనదైన ఇంజను ఉండదు. ఒక గొలుసు దానిని మొదటి శిఖరము వరకు లాగి విడిచిపెట్టును. అటుపిమ్మట భూమ్యాకర్షణమే దానికి సారథి. ఎత్తున నున్నపుడు కూడిన స్థితిశక్తి పల్లమునకు దిగునపుడు గతిశక్తిగా మారును. మరల ఎక్కునపుడు గతిశక్తి స్థితిశక్తి యగును. రాపిడివలనను గాలివలనను దారిలో కొంత శక్తి తరిగిపోవును. అందుచేత తరువాతి శిఖరములు మొదటిదానికంటె తక్కువ ఎత్తున నుండవలెను. మీరు భౌతికశాస్త్రములో కంటితో చదువు పాఠమును ఇచట శరీరముతో చదువవచ్చును.

ఈ వినోదము పుట్టినది రష్యాదేశమున. అచటి ప్రజలు శీతకాలమున ఎత్తయిన కొయ్య కట్టడములపై మంచు పరచి, దానిపై జారుచుండిరి. 1817లో పారిస్ నగరమున చక్రములు గల బండ్లను ఏటవాలు మార్గముపై నడపిరి. ఫ్రెంచివారు నేటికిని వీనిని ‘రష్యా కొండలు’ అనియే పిలుతురు. అమెరికాలో లామార్కస్ థామ్సన్ అనునతడు 1884లో న్యూయార్కు నగరమునందలి కోనీ ఐలండు సముద్రతీరమున ఒక బండిని నెలకొల్పెను. రుసుము అయిదు సెంట్లు. వేగము గంటకు సుమారు ఆరు మైళ్ళు. మీలో ఎవరైనను దానికంటె వేగముగా పరుగెత్తగలరు! అయినను జనులు దానికై బారులు తీరి నిలిచిరి. ఆనందము వేగమునందే కలదని తలచువారు ఈ సంగతిని గుర్తింపవలెను.

వేగము పెరిగినకొలది, బండి శిఖరములపై పట్టాలను విడిచి ఎగిరిపోవు ప్రమాదము ఏర్పడెను. జాన్ మిల్లర్ అను అమెరికను నిర్మాత పట్టాకు అడుగువైపున కూడ ఒక చక్రము నమర్చు ఉపాయము కనిపెట్టి, 1919లో దానికి పేటెంటు పొందెను. పై చక్రము బరువును మోయును. ప్రక్క చక్రము దారి తప్పనీయదు. అడుగు చక్రము ఎగురనీయదు. ప్రయాణికులలో దానిని చూచువారు అరుదు. కాని నిటారు పల్లములను నిర్మించు ధైర్యమును ఇంజనీర్లకిచ్చినది ఆ చక్రమే.

కొయ్యబండి మొదటి కొండ నెక్కునపుడు ‘టక టక’ మను చప్పుడు వినబడును. దానిని విన్నంతనే గుండె జల్లుమనును. కాని ఆ చప్పుడేమి? బండి క్రింద నున్న ఇనుప నాలుక, మార్గమున నమర్చిన పళ్ళపై ఒక్కొక్కటిగా పడుచుండును. ఒకవేళ గొలుసు తెగినను, బండి వెనుకకు జారకుండ ఆ నాలుక పట్టుకొనును. మనలను భయపెట్టు ధ్వనియే మనలను కాపాడు ధ్వని!

ఈ సంగతులన్నియు నాకు మొదటినుండియు తెలియవు. తెలియకపోవుటచే ఒకనాడు పెద్ద తప్పు చేసితిని. దానిని మీయొద్ద దాచుట న్యాయము కాదు.

2018 డిసెంబరులో మా పాఠశాల పిల్లలను ఒక వినోదోద్యానమునకు గొనిపోయితిని. రోలర్ కోస్టరు ముంగిట ఎత్తు కొలుచుటకు ఒక గీత యుండెను. తల ఆ గీతను తాకినవారినే బండి యెక్కనిత్తురు. ఎనిమిదవ తరగతి బాలుడొకడు ఆ గీతకు రెండు వ్రేళ్ళు తక్కువగా నుండెను. వాడు ఈ ప్రయాణమునకై నెలల తరబడి డబ్బు కూడబెట్టుకొన్నవాడు. వాని ముఖము చిన్నబోవుట చూడలేక, “మడమలు కొంచెమెత్తి నిలువుము” అని నేనే వాని చెవిలో చెప్పితిని. వాడట్లే నిలిచెను. అచట పనిచేయు యువకుడు వాని పాదములను చూచి, తల అడ్డముగా నూపెను. నేను ప్రధానోపాధ్యాయుడనని చెప్పుకొంటిని. రెండు వ్రేళ్ళకు ఏమి మునిగిపోవునని గద్దించితిని. వెనుకనున్నవారు విసుగుకొనుచుండిరి. ఆ యువకుడు నెమ్మదిగా, “మాస్టారూ! మీరు కోపపడినను సరే, పిల్లవానిని ఎక్కింపను. కడ్డీ వానిని సరిగా పట్టదు” అనెను. ఆ దినమంతయు అతనిని మనసులో నిందించుచునే యుంటిని. బాలుడు మాత్రము కంచె యవతల నిలిచి, తన మిత్రులెక్కిన బండిని చూచుచుండెను.

మరుసటి వేసవి సెలవులలో, అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మా కుమార్తె యింటికి పోయితిని. అపుడు కోనీ ఐలండులోని ‘సైక్లోన్’ అను బండి నెక్కు భాగ్యము లభించెను. 1927 జూన్ 26న ప్రారంభమైన ఆ బండి ఎత్తు 85 అడుగులు. వేగము గంటకు 60 మైళ్ళు. శిఖరము చేరగనే ఒక్క క్షణము సముద్రము కనబడెను. మరుక్షణమున బండి పల్లమునకు దూకెను. నా శరీరము ఆసనమును విడిచి పైకి లేచెను. తొడలపైనున్న కడ్డీయే నన్ను పట్టి యాపినది. అపుడు నాకు జ్ఞప్తికి వచ్చినవి ఆ రెండు వ్రేళ్ళు. బాలుని తొడలకును కడ్డీకిని నడుమ సందు మిగిలియున్నచో ఏమగునో తలచుకొనగా నాకు చెమటలు పట్టెను. పాఠములు చెప్పు నేను ఆ బాలునకు మోసము నేర్పితిని. వరుసలోనివారు విసుగుకొన్నను, పెద్దవాడు గద్దించినను లొంగక, ఆ యువకుడు వానిని కాపాడెను.

నేడు దేశదేశముల ఉద్యానములు ఎత్తునకును వేగమునకును పోటీపడుచున్నవి. ఈ పోటీ నాకు రుచింపదు. వేగమును మించినది రూపకల్పన. 1895లో కోనీ ఐలండులోనే తలక్రిందులుగా త్రిప్పు బండి నొకదానిని నిర్మించిరి. దాని మెలిక సంపూర్ణ వృత్తముగా నుండుటచే, అందు ప్రవేశించునపుడు ప్రయాణికుల మెడలకు నొప్పి కలుగుచుండెను. అది ఎంతోకాలము నిలువలేదు. 1976లో కాలిఫోర్నియాలో ‘రివల్యూషన్’ అను బండికి జర్మను ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ కన్నీటిబొట్టువంటి మెలికను రూపొందించెను. అడుగున వంపు విశాలముగాను, పైన ఇరుకుగాను ఉండుటచే మెడకు బాధ తగ్గెను. ఇది బలముతో గాక బుద్ధితో సాధించిన విజయము.

ఎత్తు సంగతియు నట్టిదే. 2005లో న్యూజెర్సీలో ‘కింగ్డా కా’ అను బండిని 456 అడుగుల ఎత్తున నిర్మించిరి. అది నడచినంతకాలము ప్రపంచమున దానికంటె ఎత్తయినది లేదు. 2024లో దానిని మూసివేసి, 2025 ఫిబ్రవరిలో కూల్చివేసిరి. దానిలో అయిదవవంతు ఎత్తయినను లేని సైక్లోన్, 1970వ దశకమున కూల్చివేత ముప్పును తప్పించుకొని, 1988లో ఆ నగరపు చారిత్రక చిహ్నముగా గుర్తింపు పొందినది. ఎత్తు వార్తాపత్రికలకెక్కును, మేలయిన పనితనము జనుల మనసులకెక్కును.

నియమములు ఆనందమును చెరచునని కొందరందురు. నేను అందుకు సమ్మతింపను. కోపెన్‌హేగెన్ నగరపు టివోలీ ఉద్యానములో 1914 నాటి కొయ్యబండిపై ఒక మనిషి కూర్చుండి చేతితో బ్రేకు వేయుచుండును. తక్కిన బండ్లలో పెక్కింటిపై అట్టివాడు కనబడడు గాని, లేకపోలేదు. మనము రాకముందే మరలను తట్టి, పట్టాలను పరీక్షించి, ఖాళీ బండిని నడిపి చూచినవాడే వాడు. వానిని నమ్మినపుడే మన భయము ఆనందముగా మారును. నమ్మకము లేని భయము కేవలము భయమే.

మన తిరునాళ్ళలోని జెయింట్ వీల్ విషయమున ఈ జాగ్రత్త మరింత అవసరము. దానిని ఒక యూర విప్పి, వేరొక యూర బిగింతురు. ప్రతిసారియు ప్రతి మరయు క్రొత్తగా బిగియవలసినదే. నగరమునందలి ఉద్యానములోనైనను, పల్లె జాతరలోనైనను, కడపటి పరీక్ష యే దినమున జరిగెనో ఒక పలకపై వ్రాసి అందరికిని కనబడునట్లు ఉంచవలెనని నా అభిప్రాయము. తక్కువ రుసుమిచ్చి యెక్కిన పిల్లవాని ప్రాణము తక్కువది కాదు గదా!

2019 చివర మరల పిల్లలతో ఆ ఉద్యానమునకు పోయితిమి. ఆ బాలుడు గీత కడ నిలిచెను. ఈసారి వాని మడమలు నేలకు ఆనియుండెను. తల గీతను తాకెను. వాడు పరుగున పోయి బండిలో ముందువరుసను కూర్చుండెను. నాటి యువకునికి క్షమాపణ చెప్పుకొనవలెనని నేను నలువైపుల వెదకితిని. అతడు అచటి పని మాని పోయెనని తెలిసినది. అతనితో చెప్పలేకపోయిన మాటను మీతో చెప్పుచున్నాను. మీరు బండి యెక్కుడు. నోరార కేకలు వేయుడు. కాని మిమ్ము ఆపువాడు ఆపినపుడు ఆగుడు. మడమలు ఎత్తకుడు, పెద్దలు ఎత్తుమనినను ఎత్తకుడు.