మంచి ఆడదానికే న్యాయమా?

సంక్రాంతికి ఉంగుటూరులో మా అన్నయ్య ఇంటికి వెళ్ళినప్పుడు మేనకోడలు ఒక కొరియన్ సీరియల్ చూపించింది. పేరు 'హైనా', 2020లో వచ్చింది. కిమ్ హే సూ అనే నటి వేసిన జంగ్ గుమ్ జా పాత్ర ఒక లాయరు. విడాకుల కేసు గెలవడం కోసం ఎదుటి పక్షం లాయరుకి మారుపేరుతో దగ్గరవుతుంది, ప్రేమ నటిస్తుంది, ఆధారాలు సంపాదిస్తుంది. తీరా కోర్టులో అతనికి ప్రత్యర్థిగా ప్రత్యక్షమవుతుంది. డబ్బు కావాలని పైకే చెప్తుంది.

పక్కనే కూర్చున్న మా వదిన ఊరుకోలేదు. "ఇంత మోసం చేసినావిడ గెలవాలని మనం కోరుకోవాలా?" అంది. "మగ లాయరు చేస్తే తెలివి అంటావు కదమ్మా!" అంది కూతురు.

ఆ మాట నన్ను వదల్లేదు. మన సినిమాల్లో కోర్టుకెక్కిన ఆడవాళ్ళు లేకపోలేదు. డి. కామేశ్వరి గారి 'కొత్త మలుపు' నవల ఆధారంగా 1981లో 'న్యాయం కావాలి' వచ్చింది. పెళ్ళి కాకుండా గర్భవతైన అమ్మాయి తల దించుకోకుండా కోర్టుకెళ్ళడం, ఆమె తరఫున శారద వాదించడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. కానీ ఆ అమ్మాయి నమ్మి మోసపోయింది, కాబట్టే మనకి జాలి. 2021లో వచ్చిన 'వకీల్ సాబ్' ఒకడుగు ముందుకేసి, స్త్రీ ఎలాంటిదైనా ఆమె 'వద్దు' అంటే వద్దనే అంది. అయితే ఆ మాట అనే అవకాశం హీరోకి దక్కింది. తప్పులూ తెలివీ ఆశా ఉన్న స్త్రీ తన నోటితో తాను వాదించుకోవడం మనకింకా కొత్తే.

ఇది సినిమాల గొడవ మాత్రమే అయితే రాసేదాన్ని కాదు. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్లో రమీజాబీపై అత్యాచారం జరిగింది. ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ దెబ్బలకి చనిపోయాడు. పోలీసుల తరఫు వాదనంతా ఆమె శీలం చుట్టూ తిరిగింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమని తేల్చినా, కేసు రాయచూరుకి బదిలీ అయి 1981లో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. అత్యాచార కేసులో బాధితురాలి నడవడిని ఎత్తిచూపి ఆమె సాక్ష్యాన్ని కొట్టిపారేయనిచ్చే సాక్ష్య చట్టం 155(4) క్లాజు పోవడానికి 2002 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది.

మనోవర్తి సంగతి చూడండి. వ్యభిచారాన్ని నేరంగా చూసిన 497 సెక్షన్‌ని 2018లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కానీ 'వ్యభిచారంలో జీవిస్తున్న' భార్యకి మనోవర్తి లేదనే పాత 125(4) నిబంధన, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144(4)గా అలాగే కూర్చుంది. అంటే వ్యభిచారం నేరం కాకుండా పోయింది గాని, భార్య తిండికి మాత్రం శీల పరీక్ష తప్పలేదు. బిడ్డల మనోవర్తికి ఈ అడ్డు లేదని కూడా చాలామందికి తెలియదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం కొల్లేటి పక్క ఊళ్ళలో హింస గురించి స్త్రీలతో మాట్లాడాను. చేపల చెరువుల మీద కూలికెళ్ళే ఒకామె తాగి కొట్టే మొగుణ్ణి వదిలేసి మరొకతనితో ఉంటోంది. అబద్ధాలు కూడా ఆడింది, కొంత డబ్బు దాచింది. ఆమె వీపు మీద దెబ్బల మచ్చలు మాత్రం అబద్ధం కాదు. నా నివేదికలో ఆమెని చేర్చలేదు. 'ఈ ఒక్క కేసు చూపించి మిగతావన్నీ కొట్టిపారేస్తారు' అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పోలీసులు అడిగే ప్రశ్ననే నేను మర్యాదగా, మౌనంగా అడిగానన్నమాట.

మనలో చాలామందిమి ఈ పని చేస్తున్నాం. ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా కౌన్సెలింగ్‌కి వచ్చినామెని ముందుగా 'నీ వైపు తప్పేమైనా ఉందా?' అనే అడుగుతాం. మోసాన్ని సమర్థించమని నేను అనడం లేదు. ఆమె చేసిన తప్పుకి ఆమెనే జవాబు చెప్పనిద్దాం. కానీ ఆమెకి జరిగిన నేరాన్ని అందులోంచి తీసివేయకూడదు. దెబ్బ గురించి ముందు అడుగుదాం. న్యాయం మంచితనానికిచ్చే బహుమతి కాదు, హక్కు.