చెరువులున్నాయి, మంచినీరేది?

“డెల్టా వారికి నీటి కరవేమిటి?” అని మెట్ట ప్రాంతపు మిత్రులు నన్ను తరచుగా అడుగుతుంటారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుండి గోదావరి కాలువలు మా ఊళ్లను తడుపుతూనే ఉన్నాయి. ఊరూరా చెరువులు, కుంటలు. ఊరు దాటితే చేపల చెరువులు, రొయ్యల చెరువులు. నిజమే, నీటికి కొదవ లేదు. కొదవంతా త్రాగదగిన నీటికే.

ప్రభుత్వ వైద్యునిగా డెల్టా గ్రామాలలో పనిచేసిన రోజులలో ఒక విషయం గమనించాను. వేసవిలో కాలువలు కట్టివేసిన కొద్ది వారాలకే వాంతులు, విరేచనాలతో రోగులు వరుస కట్టేవారు. కొత్త నీరు రాక మంచినీటి చెరువు అడుగంటేది. అందులోని మాలిన్యం చిక్కబడేది. టైఫాయిడ్, కామెర్లు వెన్నంటి వచ్చేవి. మేము సెలైన్ ఎక్కించి పంపేవాళ్లం. వారు ఇంటికి వెళ్లి మళ్లీ ఆ నీరే త్రాగేవారు. దానిని వైద్యమనగలమా?

తప్పు చెరువుది కాదు, మనది. గట్టున చెత్త పోస్తున్నాము, మురుగును అందులోకే మళ్లిస్తున్నాము, పశువులను అందులోనే కడుగుతున్నాము. గుర్రపుడెక్క అల్లుకున్న మురుగు కుంటలలో క్యూలెక్స్ దోమలు పెరిగి బోదకాలును వ్యాపింపజేస్తాయి.

“ఆక్వా మాకు అన్నం పెడుతున్నది” అంటారు. కాదనను. కాని ఎగుమతి చేసే రొయ్యలో నిషేధిత క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు ఉన్నాయేమోనని ప్రయోగశాలలలో పరీక్షిస్తారు; ఉంటే సరుకును తిప్పి పంపుతారు. పరాయి దేశస్థుని పళ్లెంపై ఉన్న శ్రద్ధ, ఆ చెరువుల మురుగు చేరే కాలువ నీటిని త్రాగే మన బిడ్డలపై ఎందుకు లేదు?

“డబ్బా నీళ్లు కొనుక్కుంటున్నాము కదా” అనడం సమాధానం కాదు. కొనలేనివారి గతి ఏమిటి? కొనగలిగినవారు నోరు మెదపకపోవడం వల్లనే ఊరి చెరువు దిక్కులేనిదయింది.

మంచినీటి చెరువుకు కంచె వేయాలి. కాలువలు కట్టకముందే దానిని నిండుగా నింపాలి. వడపోత సక్రమంగా జరగాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం క్లోరిన్ కలిపిన నీటిలో చివరి కుళాయి వద్ద కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్క ఇ.కోలై కూడా కనబడరాదు. ఈ పరీక్షల ఫలితాలను నెలనెలా పంచాయతీ గోడపై అంటించమని గ్రామసభలో నిలదీయండి. అంతవరకు నీటిని కాచి, చల్లార్చి త్రాగండి.

రోగం వచ్చాక వైద్యుని అడగడం కన్నా, రాకముందే పంచాయతీని అడగడం మేలు.