తూనిక యెవరి చేతిలో నుండవలెను?

కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కఱ్ఱతో నగుననియు, ఆ కఱ్ఱ కొండనుండి దిగి వచ్చుననియు నెఱుగనివా రీ పట్టణమున లేరు. కొండ తఱిగిన చేతిపనియు తఱుగునను సంగతి మనకు పొట్టకూటి యనుభవము. అట్టి మనకు అరకు, పాడేరు, రంపచోడవరము కొండలయందలి రైతుల గోడు పరాయి మాట కాజాలదు.

ఆ సీమలలో దోపిడి బహుకాలము సంతలోనే సాగినది. షావుకారు వానకాలమున ఉప్పు, గుడ్డ, విత్తనము అప్పుగ నిచ్చెడివాడు. పంట చేతికి వచ్చిననాడు తన తక్కెడతో తానే తూచి, తాను చెప్పిన ధరకే చింతపండు, కందులు గైకొనెడివాడు. వడ్డీ యెంతయో గిరిజనునకు తెలియదు. అప్పు మాత్రము తీఱదు. ఏజెన్సీలోని వడ్డీని, భూముల బదిలీని అదుపు చేయుటకు 1917లోనే శాసనము పుట్టినది. శాసనము తాకట్టు నడ్డగింపగలదు గాని సంతకు మంచి బేరగానిని తేజాలదు. ఆ లోటు తీర్చుటకే 1956లో విశాఖపట్టణము కేంద్రముగ గిరిజన సహకార సంస్థ వెలసినది. అది తేనె, చింతపండు, కరక్కాయ కొని, నిత్యావసర వస్తువు లమ్మి, షావుకారు తక్కెడకు పోటీగ మఱియొక తక్కెడను నిలిపినది. ఈ మేలు కాదనువారు ఆ సంతలను చూడనివారు.

అయినను సహకారమను పేరుండగనే సరియా? ఆ సంస్థకు అధ్యక్షుని, నిర్వాహకాధికారిని నియమించునది ప్రభుత్వమే. 1979 నాటి నిబంధన చిల్లర అటవీ ఫలసాయమును కొను గుత్తహక్కును సంస్థ కొసగినది. 1996లో పార్లమెంటు చేసిన పంచాయతీల విస్తరణ శాసనము ఆ ఫలసాయము గ్రామసభ సొత్తని చాటినది. 2006 నాటి అటవీహక్కుల శాసనము ఫలసాయమును సేకరించి అమ్ముకొను హక్కును అడవివాసులకు స్థిరపఱచినది. ఇక సొంతదారు చెప్పిన ధర గుత్తదారు వినవలెనా, గుత్తదారు చెప్పిన ధర సొంతదారు వినవలెనా?

డెల్టా రైతు ఈ చిక్కునుండి యొక దారిని కనుగొన్నాడు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల శాసనము, సర్కారు వాటాధనము లేకుండ సభ్యులే తమ పెద్దల నెన్నుకొని నడుపుకొను సంఘములకు వీలు కల్పించినది. విజయవాడలోని కృష్ణాజిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘము ఆ శాసనము క్రిందికి మారినదే. అరకు కొండల చిన్న, సన్నకారు గిరిజన కాఫీ రైతులును అదే శాసనము నీడన సంఘముగ నేర్పడిరి. ఎఱ్ఱగ మాగిన పండునే కోసి, నాణ్యమునకు తగిన వెల నడుగ నేర్చిరి. 2017లో పారిస్ నగరమున అరకు పేరిట కాఫీ దుకాణము తెఱవబడినది. 2019లో ఆ కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. పారిస్ దుకాణపు మూలధనము రైతులది గాక పెద్ద వ్యాపారులదను సంగతి మాత్రము పొగడ్తల నడుమ మఱుగుపడుచుండును.

సహకార సంస్థను మూసివేయుమని మేమనము. దాని దుకాణము మూతపడిన మఱునాడే షావుకారు తిరిగి వచ్చును. కాని దాని పాలకవర్గమున, ఫలసాయము తెచ్చువా రెన్నుకొన్నవారే యధికసంఖ్యాకులుగ నుండవలెను. ధరను ఋతువునకు ముందే గ్రామసభలో చదివి సమ్మతి పొందవలెను. సంతలోని కాటాను పరీక్షించు హక్కు ప్రతి సభ్యునకు నుండవలెను. పట్టణవాసులకును పని లేకపోలేదు. బెజవాడ అంగడిలో తేనెసీసా చేతబట్టినవారు, ఇది యే సంఘముది, కొండవాని కెంత ముట్టినదని యడిగినచో, అంగడివాడు విచారించి చెప్పక తప్పదు.